గుండు తగిలినా పంది ఎందుకు పడదు?

ఏ తూటా ఏం చేస్తుందో తెలిస్తే రైతుకు ప్రాణాపాయం తప్పుతుంది

"రాత్రి మక్కచేన్ల తుపాకి చప్పుడైంది గద మామా, పంది పడ్డదా?"

"యాడ పడ్డదిరా అల్లుడా! గుండయితే తగిలింది. నెత్తురు గూడ కారింది. వాగు దాకా జాడ పట్టుకొని పోయినం. ఆడికెల్లి జాడ లేదు."

"గుండు తగిలినంక పడాలె గద?"

అడవి అంచు పల్లెల్లో రచ్చబండ దగ్గర ఇలాంటి మాటలు తరచు వినిపిస్తుంటాయి. చేతికందే మక్క, పల్లి, వరి, చెరకు రాత్రికి రాత్రి పందుల పాలైతే ఎకరం, రెండెకరాల రైతు కడుపుమంట చెప్పనలవి కాదు. ఆ కోపంలో నాటు తుపాకి పట్టినవాడిని పిలిపించి కాల్పిస్తే పీడ పోతుందనుకుంటారు. పీడ పోదు సరికదా కొత్త పీడ మొదలవుతుంది. దెబ్బతిన్న పంది పొదలో పడుకుంటుంది. తెల్లారి గొర్లు తోలుకొని పోయేవాడి మీదకో, కట్టెలకు పోయిన ఆడకూతురు మీదకో లేస్తుంది.

గుండు తగిలినా జంతువు ఎందుకు పడదు? ఒక గుండు లోతుగా దిగి, ఇంకో గుండు చర్మం మీదే ఎందుకు చెదిరిపోతుంది? పెద్ద జంతువులను వేటాడినవాళ్లు ఈ సంగతిని నూరేళ్లకు పైగా, దెబ్బలు తిని మరీ నేర్చుకున్నారు. రైతు తుపాకి పట్టాలని కాదు. ఊళ్లోకి అనుమతితో షూటర్ వచ్చినప్పుడు ఏం అడగాలో, ఎవరిని రానివ్వకూడదో తెలియాలంటే ఈ సంగతి కాస్త తెలిసి ఉండాలి.

తూటా వేరు, గుండు వేరు

మనం తూటా అనేది నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే టోపీ, లోపల మందు, ముందు భాగాన గుండు. ఎగిరిపోయి జంతువుకు తగిలేది గుండు ఒక్కటే. మిగతాదంతా దాన్ని తోయడానికే.

గుండు బరువును 'గ్రెయిన్' లెక్కన చెబుతారు. గ్రెయిన్ అంటే గింజ. పాతకాలంలో యవల గింజను బట్టి వచ్చిన తూకం ఇది. మన కంసాలి గురిగింజతో తూచినట్టే. బ్రిటిష్ వాళ్లు మన తులం బంగారాన్ని 180 గ్రెయిన్లుగా ఖరారు చేశారు. పెద్ద జంతువుల వేటకు వాడే గుండ్లలో బాగా చలామణిలో ఉన్న బరువుల్లో ఒకటి ఈ 180 గ్రెయిన్లే. అంటే సరిగ్గా తులం, పదకొండున్నర గ్రాముల పైచిలుకు.

తులం గుండు సెకనుకు 800 మీటర్ల వేగంతో పోతే, దానిలో ఉండే శక్తి క్వింటాల్ బస్తాను దాదాపు 4 మీటర్ల ఎత్తుకు లేపగలిగేంత. అయినా ఆ గుండు పందిని తోసి పడేయదు. సినిమాల్లో గుండు తగలగానే మనిషి గాల్లో ఎగిరి పడతాడు. అది సినిమా. నిజంగా గుండుకు అంత తోపు ఉంటే, కాల్చినవాడు కూడా వెనక్కి ఎగిరిపడాలి. వాడి భుజానికి తగిలే తోపే కాస్త అటూఇటుగా జంతువుకూ తగులుతుంది.

మరి గుండు ఎలా చంపుతుంది? గుండె, ఊపిరితిత్తులు, పెద్ద నరాల దారిలో పోయి నెత్తురు పోయేలా చేస్తే చంపుతుంది. లేదా మెదడు, వెన్నుపూసకు తగిలితే అక్కడికక్కడే కూలుస్తుంది. గుండెకు చిల్లి పడ్డా మెదడులో మిగిలిన ప్రాణవాయువుతో 10, 15 సెకన్లు జంతువు పరుగెత్తగలదు. ఆ పాటి సమయంలో పంది చేను దాటిపోతుంది. కాబట్టి మంచి దెబ్బ తగిలినా పంది ఉన్నచోటే పడాలని లేదు. ఇక కడుపులోనో, తొడలోనో తగిలితే గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి బతికే ఉంటుంది.

గడ్డపార, పార

గుండు చేయాల్సిన పనులు రెండు. లోతుగా దిగాలి, దారి పొడవునా వెడల్పు గాయం చేయాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడనివి. గడ్డపార దిగినంత లోతుకు పార దిగదు. పార తీసినంత వెడల్పు గడ్డపార తీయదు. గుండ్లను తయారుచేసేవాళ్లు నూరేళ్లకు పైగా పడిన తంటా అంతా ఈ రెంటినీ ఒకే గుండులో కలపడానికే.

మొదట్లో ఉన్నది ఒట్టి సీసపు గుండు. నల్లమందుతో మెల్లగా పోయేది. మెల్లగా పోయేదానికి బలం రావాలంటే బరువు పెంచడం ఒక్కటే దారి. పన్నెండు బోరు అనే మాట అక్కడినుంచి వచ్చిందే. ఒక పౌను సీసంతో 12 గుండ్లు పోస్తే ఒక్కో గుండు పట్టే గొట్టం పన్నెండు బోరు. ఏనుగుల వేటకు నాలుగు బోరు తుపాకులు వాడేవారు. అంటే ఒక్కో గుండు పావు పౌను, దాదాపు 113 గ్రాములు! కాల్చినవాడి భుజం కమిలిపోయేది.

1880ల చివర పొగరాని మందు వచ్చింది. గుండు వేగం ఒక్కసారిగా పెరిగింది. ఆ వేగానికి మెత్తటి సీసం గొట్టంలోనే అరిగి అంటుకుపోతుండటంతో, సీసం మీద గట్టి లోహపు తొడుగు వేశారు. ముక్కుతో సహా మొత్తం కప్పేసిన ఈ గుండు అచ్చం గడ్డపారే. సూటిగా దిగుతుంది, ఆకారం మారదు, అవతలి నుంచి సన్నటి రంధ్రం చేసుకొని వెళ్లిపోతుంది. నేటికీ సైన్యం ఎక్కువగా వాడేది ఇదే.

డమ్‌డమ్ కథ

ఇక్కడే మన దేశం పేరు వస్తుంది. 1890లలో వాయవ్య సరిహద్దు యుద్ధాల్లో, కొత్త .303 గుండు తగిలినా ఎదుటివాడు ఆగడం లేదని బ్రిటిష్ సైనికులు గొణిగారు. కలకత్తా పక్కన ఇప్పుడు విమానాశ్రయం ఉన్న డమ్‌డమ్‌లో ఆయుధాగారం ఉండేది. అక్కడి అధికారి కెప్టెన్ బెర్టీ క్లే గుండు ముక్కు దగ్గర తొడుగు తీసి, లోపలి సీసం కొంచెం బయటకు కనిపించేలా చేశాడు. తగలగానే ఆ మెత్తటి ముక్కు నలిగి, పుట్టగొడుగులా విచ్చుకునేది. గాయం ఎన్నో రెట్లు పెద్దదయ్యేది.

మనుషుల మీద ఇలాంటి గుండు వాడటం క్రూరమని 1899లో హేగ్ సమావేశంలో యుద్ధాల్లో దాన్ని నిషేధించారు. అయితే వేటలో సంగతి తిరగబడింది. సన్నటి రంధ్రంతో తప్పించుకున్న జంతువు రోజుల తరబడి చిత్రవధ అనుభవిస్తుంది. కాబట్టి విచ్చుకునే గుండే మేలని తేలింది. ఇంగ్లండులో 1991 నాటి జింకల చట్టం ప్రకారం రైఫిల్‌తో జింకను కాల్చాలంటే మెత్తముక్కు లేదా బోలుముక్కు గుండు మాత్రమే వాడాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు నిండు తొడుగు గుండుతో జింకల వేటను ఒప్పుకోవు. యుద్ధంలో కూడదన్నదే వేటలో తప్పనిసరి అయింది.

ఏనుగు దగ్గర గడ్డపార, దుప్పి దగ్గర పార

అలాగని మెత్తముక్కు గుండు అన్నిటికీ పనికొస్తుందా అంటే, రాదు. ఏనుగు తల ఎముక మందం. మెత్తటి గుండు అక్కడే నలిగిపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆఫ్రికాలో బెల్ అనే స్కాట్లండు వేటగాడు వెయ్యికి పైగా ఏనుగులను కూల్చాడు. వాటిలో ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తోనే. ఆయన వాడింది 173 గ్రెయిన్ల నిండు తొడుగు గుండు. తులానికి కాస్త తక్కువే! ఏనుగు తలలో మెదడు ఎక్కడుంటుందో తెలుసుకొని, ఏ పక్కనుంచి కాల్చినా అక్కడికే గుండు పంపేవాడు. పావు పౌను గుండు చేసిన పని తులం గుండు చేసింది. బలం కన్నా దిగే గుణం, దానికన్నా గురి ముఖ్యమని ఆ రోజుల్లోనే తేలిపోయింది. ఆ ఏనుగుల వేట సరైనదని కాదు. గుండు నేర్పిన పాఠం మాత్రం అది.

1946లో ఇంకో సంఘటన. జాన్ నోస్లర్ అనే అమెరికా వేటగాడు కెనడాలో మూస్ అనే జంతువును కాల్చాడు. అది గుర్రమంత ఎత్తుండే జింక జాతి జంతువు. ఒళ్లంతా బురద అట్టకట్టి ఉంది. మాంచి వేగంతో పోయే మెత్తముక్కు గుండ్లే తగిలాయి. అయినా అవి లోపలికి దిగలేదు, పైపైనే చెదిరిపోయాయి. ఇంటికి వచ్చి ఆయన కొత్త రకం గుండు చేశాడు. గుండు మధ్యలో తొడుగు లోహంతోనే అడ్డుగోడ పెట్టాడు. ముందరి సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరక తోసుకుంటూ పోతుంది. గడ్డపారకు పార బిగించినట్టన్నమాట. 1948 నుంచి అది అమ్మకానికి వచ్చింది. తర్వాత సీసాన్ని తొడుగుకు అతికించిన రకాలు వచ్చాయి. 1980లలో సీసమే లేకుండా మొత్తం రాగితో చేసిన గుండ్లూ వచ్చాయి. రాగి గుండు రేకుల్లా విచ్చుకుంటుంది, ముక్కలు కాదు, బరువు పోదు.

పంది ఒంటి తీరు

ఇక మన చేనులోని పంది దగ్గరకు వద్దాం. బాగా ఎదిగిన మగపంది క్వింటాల్ దాటుతుంది. దాని భుజాల మీద చర్మం కింద డాలు లాంటి గట్టి పొర ఉంటుంది. మగపందులు కోరలతో పోట్లాడుకునేటప్పుడు కాపాడేది అదే. పైగా బురదలో పొర్లి వచ్చిందంటే అదొక అట్ట. నోస్లర్‌కు ఎదురైన చిక్కే ఇక్కడా.

రెండో చిక్కు, మనం అనుకునే చోట దాని గుండె ఉండదు. వీపు మీద వెంట్రుకలు నిక్కి ఉండటంతో ఒళ్లు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. గుండె, ఊపిరితిత్తులు బాగా కిందికి, ముందుకాళ్ల నడుమకు ఉంటాయి. రాత్రిపూట లైటు వెలుగులో నడుముకు గురిపెడితే గుండు కడుపులోకి పోతుంది. పంది కేక పెట్టి పారిపోతుంది. "తగిలింది కానీ పడలేదు" అన్నమాట చాలాసార్లు ఇలాంటిదే.

మూడోది దూరం. చేను గట్టు మీద మంచె నుంచి కాల్చేది 30, 50 మీటర్ల లోపే. అంత దగ్గర్లో గుండు పూర్తి వేగంతో ఉంటుంది. పలుచటి తొడుగు, తక్కువ బరువు, ఎక్కువ వేగం ఉన్న గుండయితే డాలు మీదే పగిలిపోయే ప్రమాదం ఉంది. బరువైన, ఓ మాదిరి వేగం ఉన్న మెత్తముక్కు గుండు ఇక్కడ నయం. మన దేశంలో లైసెన్సుదారుల దగ్గర ఎక్కువగా కనిపించే .315 రైఫిల్ ఈ కోవలోదే. .303 సైన్యం తూటా కాబట్టి మామూలు జనానికి ఇవ్వరు. అందుకే ప్రభుత్వ కర్మాగారాలు .315ను తయారుచేశాయి. దాని మెత్తముక్కు గుండు 244 గ్రెయిన్లు, తులం మీద మూడో వంతు పైచిలుకు.

రవ్వలతో రభస

పన్నెండు బోరు తుపాకిలో వేసే సీసపు రవ్వల (ఛర్రా) సంగతి వేరు. రవ్వలు గుంపుగా బయలుదేరి దూరం పోయేకొద్దీ విడిపోతాయి. గుండ్రటివి కాబట్టి వేగం త్వరగా పడిపోతుంది. పెద్ద రవ్వలు కూడా 30, 35 మీటర్లు దాటితే పందిని గాయపరచడానికే తప్ప కూల్చడానికి పనికిరావు. పిట్టల కోసం చేసిన సన్న రవ్వలయితే డాలు మీద చిల్లులు మాత్రమే పడతాయి.

నాటు తుపాకి అన్నిటికన్నా చెడ్డది. మూతిలోంచి మందు కూరి, మేకులు, సైకిల్ గోలీలు, ఇనుప ముక్కలు దట్టిస్తారు. వాటికి బరువు లేదు, తీరైన ఆకారం లేదు, గొట్టంలో తిప్పి వదిలే గాళ్లు లేవు. ఎటు పోతాయో కాల్చినవాడికే తెలియదు. విచ్చుకోవు, లోతుగా దిగవు. పందికి పుండు చేసి వదిలేస్తాయి. మందు ఎక్కువైతే గొట్టం పగిలి కాల్చినవాడి చేతులు, కళ్లు పోతాయి. లైసెన్సు లేకపోతే జైలు సరేసరి. ఇక పంది బాంబులు, కరెంటు తీగల సంగతి చెప్పనక్కర్లేదు. బాంబు కొరికి దవడ పోయేది ఒక్కోసారి మన గేదెకే. తీగ తగిలి పోయేది తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి పోయిన మన పక్క చేను రైతే.

తప్పిన గుండు ఎటు పోతుంది?

రైఫిల్ గుండు పైకి పోతే మూడు కిలోమీటర్లు దాటి కూడా పడగలదు. నిండు తొడుగు గుండు పందిలోంచి దూరి అవతలివాడికి తగలగలదు. రాయికి తగిలితే పక్కకు ఎగురుతుంది. అందుకే మంచె మీదనుంచి కిందికి, వెనక మెత్తటి నేల ఉండేలా కాల్చాలి. ఆ రాత్రి చుట్టుపక్కల చేలల్లో ఎవరు నీళ్లు పెడుతున్నారో, ఎవరు కావలి పడుకున్నారో ముందే ఊరంతా తెలిసి ఉండాలి. దండోరా వేయించకుండా షూటర్‌ను చేనులోకి దింపకూడదు.

మాంసం సంగతి

మెత్తముక్కు సీసపు గుండు విచ్చుకునేటప్పుడు కంటికి కనిపించని తునకలుగా రాలుతుంది. అవి గాయానికి జానెడు దూరం దాకా మాంసంలో చేరతాయి. సీసం విషం. ముఖ్యంగా పిల్లల మెదడుకు, గర్భిణులకు చేటు. తునకలు తిన్న రాబందులు చచ్చిపోతుండటంతో అమెరికాలోని కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించారు. మన దగ్గర అయితే అనుమతితో కాల్చిన పంది కూడా చట్టం ప్రకారం ప్రభుత్వ ఆస్తి. పంచుకు తింటే నేరం. అటవీ సిబ్బంది సమక్షంలో లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టడమే పద్ధతి.

చట్టం ఏమంటోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం పందిని ఇష్టమొచ్చినట్టు కాల్చడం నేరం. 2022లో చట్టాన్ని సవరించాక అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయితే దారి లేకపోలేదు. నిలిచిన పంటకు, మనుషులకు ప్రమాదంగా మారిన జంతువును కాల్చడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ 11వ సెక్షను కింద కారణాలు రాసి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. కేరళలో 2022లో ఈ అధికారం పంచాయతీ అధ్యక్షుల దాకా ఇచ్చారు. మన దగ్గర ప్రస్తుతం ఎవరికి అర్జీ పెట్టాలో అటవీ రేంజి కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. మీద పడ్డ పంది నుంచి ప్రాణం కాపాడుకోవడానికి చేసిన దెబ్బ నేరం కాదు. పంట కాపాడుకోవడానికని అనుమతి లేకుండా కాలిస్తే మాత్రం నేరమే.

షూటర్ ఊళ్లోకి వస్తే...

* అనుమతి పత్రం చూపించమనండి. అందులో ఊరి పేరు, గడువు ఉన్నాయో లేదో చదివించుకోండి. తుపాకి లైసెన్సు కూడా చూడండి.
* ఏ తుపాకి, ఏ గుండు అని అడగండి. మెత్తముక్కు రైఫిల్ గుండయితే సరే. నాటు తుపాకి, సన్న రవ్వలు అంటే వద్దనండి.
* గురి కుదరకపోతే ఆ రాత్రి కాల్చకుండా వెళ్లిపోయే మనిషే మంచి షూటర్. చప్పుడు చేస్తేనే పని చేసినట్టని ఒత్తిడి పెట్టకండి.
* పిల్లలున్న ఆడపందిని కాల్చమని అడగకండి. తల్లి పోతే పిల్లలు ఆకలికి చస్తాయి.
* పంది దెబ్బతిని పారిపోతే రాత్రిపూట వెంటపడొద్దు. నెత్తురు జాడను తెల్లారాక షూటరే, అటవీ సిబ్బందితో కలిసి తీయాలి. పంది దొరికేదాకా ఆ వైపు పశువులను, పిల్లలను పంపొద్దు.
* కాల్పులకు ముందు దండోరా తప్పనిసరి.

తూటా అనేది చివరి మాట. దానికి ముందు మక్క చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం, పల్లి చుట్టూ ముళ్ల కుసుమ వేసుకోవడం, పది మంది కలిసి సోలార్ కంచె పెట్టుకోవడం లాంటివి చేసి చూడాలి. వీటికి అనుమతి అక్కర్లేదు, గాయపడ్డ పంది భయమూ లేదు. అప్పటికీ పంట దక్కకపోతే అర్జీ పెట్టి, తెలిసినవాడి చేత, తగిన గుండుతో పని పూర్తి చేయించాలి. సగం దెబ్బ కొట్టి వదిలేస్తే, ఆ మిగతా సగం మన ఊరివాళ్ల మీద పడుతుంది.